ఆహాజుకు చెప్పిన మాట

డాక్టర్ కృపానిధి అయ్యగారు ప్రసంగానికి లేచినప్పుడల్లా యూనీసమ్మకు ఒళ్లు మండేది. మనిషి మీదకన్నా ఆ పేరు ముందున్న డాక్టరు మీద ఆమెకు మంట ఎక్కువ. ఎవరో హోటల్ హాల్లో సభ పెట్టి, నల్ల గౌను తొడిగించి, ఫొటో తీసి చేతిలో పెట్టిన డాక్టరు అది. ఆమె భర్త నెహెమ్యా ఇదే తారానగర్ మిషన్ చర్చిలో పాస్టరుగా బతుకంతా గడిపాడు. బెంగుళూరులో హెబ్రీ చదువుకుని వచ్చినవాడు, పేరు ముందు రెవరెండు అని రాసుకోవడానికి కూడా సిగ్గుపడేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన నిలబడిన చోట ఈ గౌను డాక్టరు నిలబడి మైకు మింగేటట్టు అరుస్తుంటే, మూడో బెంచీ చివర కూర్చుని వినాల్సిన ఖర్మ ఆమెకు పట్టింది. క్రైస్తవులకు ఖర్మ ఉండదంటారు గాని, ఉంటుందని యూనీసమ్మకు ప్రతి ఆదివారం రుజువయ్యేది.

అవి ఎర్రమట్టికి బంగారం ధర పలికిన రోజులు. చైనాలో ఏవో పెద్ద ఆటల పందేలట, దానికి ఊళ్లకు ఊళ్లు కడుతున్నారట, ఎంత ఇనుము పంపినా చాలడం లేదట. బళ్లారి పక్కన సండూరు కొండల్ని తవ్వి లారీలకెత్తి పంపుతున్నారు. తోరణగల్లు దారిన పగలు లేదు రాత్రి లేదు, లారీల వరుస. చర్చికి తెల్లచీర కట్టుకుని వచ్చిన ఆడవాళ్లు ఇటుకరంగు చీరలతో ఇంటికి పోయేవాళ్లు. నిన్నటిదాకా సైకిళ్లకు పంక్చర్లు వేసిన కెన్నెత్తు ఇప్పుడు లారీల ఓనరు, సంఘ పెద్ద. చర్చికి కొత్త మైకులు ఆయనవే, నేలమీద జారిపడేలా నున్నటి టైల్సు ఆయనవే, అయ్యగారి కారూ ఆయనదే. అయ్యగారి గొంతు కూడా ఆయనదేనని యూనీసమ్మ అభిప్రాయం.

ఆ రోజు క్రిస్మస్ ముందు ఆదివారం. వాక్యం ప్రతి ఏడూ వచ్చేదే, యెషయా ప్రవచనం. కన్య గర్భవతి అయి కొడుకును కంటుంది, వానికి ఇమ్మానుయేలని పేరు పెడతారు.

"ఏడు వందల ఏండ్ల ముందే ప్రియులారా! యెషయా కండ్లు మూసుకుని మన కన్య మరియను చూశాడు! ఎవరి కోసం చూశాడు? మన కోసం! హల్లెలూయా!" అని కృపానిధి ఎగిరాడు.

యూనీసమ్మ చేతిరుమాలుతో మూతి మూసుకుంది. ఆ అధ్యాయం ఆమెకు కంఠతా వచ్చు. అందులో యెరూషలేము రాజు ఆహాజు ఉన్నాడు. ఇద్దరు పక్కరాజులు కలిసి మీదికి వస్తుంటే వణికిపోతున్నాడు. భయపడొద్దు, గుర్తు కావాలంటే అడుగు అంటాడు ప్రవక్త. నేను అడగను అంటాడు రాజు. అయితే నేనే చెబుతాను విను అని, ఒక పడుచుపిల్ల కొడుకును కంటుంది, వాడికి మంచీ చెడూ తెలిసే ఈడు రాకముందే నువ్వు భయపడే ఆ ఇద్దరి దేశాలు పాడుబడిపోతాయి అంటాడు. మాట అంతే. రేపు దండు వచ్చి తలుపు బాదుతుందని చచ్చిపోతున్నవాడికి, ఏడు వందల ఏండ్ల తర్వాత పుట్టే బిడ్డతో ఏం పని?

నెహెమ్యా దీన్ని ఓపికగా విడమరిచి చెప్పేవాడు. "ఆ మాట ముందు ఆహాజుది. ఆ తర్వాత సువార్త రాసిన మత్తయి దాన్ని చేతిలోకి తీసుకుని, యేసు పుట్టుకలో అది నిండుగా నెరవేరిందని చూశాడు. రెండూ నిజమే. మత్తయిని చదివేటప్పుడు ఆహాజును బయటికి నెట్టకూడదు, అంతే" అనేవాడు. భర్త మాటలో మొదటి సగమే యూనీసమ్మకు గొంతు దిగేది. రెండో సగం దిగేది కాదు. పైకి ఎవరికీ చెప్పలేదు గాని, మత్తయి మీద ఆమెకు లోపల పెద్ద గుర్రు. ఒకరికి చెప్పిన మాట ఎత్తుకుపోయి ఇంకొకరి తొట్టెలో పడుకోబెట్టడమేమిటని.

కృపానిధి అక్కడితో ఆగలేదు. "అట్లే మోషే కూడా! ఆ దేశపు రాళ్లు ఇనుపరాళ్లు అన్నాడు. యాడుండాయి ఇనుపరాళ్లు? చెప్పండి ప్రియులారా, యాడుండాయి?"

"ఈడే!" అన్నారు ముందు బెంచీల్లో లారీల ఓనర్లు.

"మన సండూరు కొండల్నే చూశాడు మోషే!"

యొర్దాను దాటని మోషే సండూరు ఎప్పుడు వచ్చిపోయాడో అని యూనీసమ్మ నవ్వుకుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ప్రసంగం కాగానే కెన్నెత్తు లేచి మైకు అందుకున్నాడు. చర్చి వెనక చేను ఊరికే పడి ఉంది, దాన్ని మట్టి నిలవచేసే స్టాక్ యార్డుకు లీజుకిస్తే పాలరాతి చర్చి కట్టుకోవచ్చు అన్నాడు. అక్కడున్న పిల్లల మిట్టను చదును చేసి, దొరికిన ఎముకలన్నీ ఒక్క గుంతలో పెట్టి, పైన మార్బుల్ శిలువ నిలబెడతామన్నాడు. అదేదో బిడ్డలకు బహుమానం ఇస్తున్నట్టు చెప్పాడు.

మిషన్ దొరల కాలం నుంచీ ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. పెద్దవాళ్లను చోరనూరు దారిలోని సమాధుల తోటలో పెడతారు. పసిబిడ్డలను మాత్రం చర్చి వెనకే, పాట వినబడేంత దగ్గరలో పెడతారు. పేర్లు ఉండవు, తలా ఒక రాయి. ఏ రాయి ఎవరిదో తల్లులకు తెలుసు. అందులో వేపచెట్టు వైపు రాయి యూనీసమ్మది.

ఆరాధన అయ్యాక ఆమె నేరుగా అయ్యగారి గదిలోకి పోయింది.

"అయ్యా, ఆ మాట ఆహాజుకు చెప్పింది. ఇనుపరాళ్ల మాట ఎడారిలో నడిచినోళ్లకు చెప్పింది. వాక్యాన్ని పేజీలోంచి పీకి, ఎవరి వీపున పడితే వాళ్ల వీపున అంటించొద్దు."

కృపానిధి గౌను విప్పుతూ నవ్వాడు. "అమ్మగారిది పాతకాలం పద్ధతి. ఇప్పుడు ఆత్మ నడిపింపు."

ఆ ఆత్మకు డ్రైవరు ఎవరో ఆమెకు తెలుసు. తలుపు తోసుకుని వచ్చేసింది.

పండగ మర్నాడు కెన్నెత్తు బళ్లారి కేకు పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చునేముందు జేబురుమాలుతో దుమ్ము దులిపాడు. ఆ దుమ్ము తన లారీలదేనన్న ధ్యాస లేదు ఆ పెద్దమనిషికి.

"అమ్మగారూ, మీరు ఒక్క మాట సరే అంటే సంఘమంతా సరే అంటాది."

"ఆడ నా కొడుకు ఉండాడప్పా కెన్నెత్తూ."

"నాకు తెల్దా? మా అన్న కూడా ఆడే ఉండాడంట, అమ్మ చెప్తాంటాది. నేను పుట్టకముందు మాట. ఇంక ఆడ ఏముంటాది అమ్మగారూ, అంతా మన్నైపోయింటాది. మన్నేగదా ఇప్పుడు మనకు అన్నం పెడతాండేది."

తోడబుట్టినవాణ్ణి కూడా లోడు లెక్కన చూసేవాడి చేతి తిండి ఆమెకు అక్కర్లేదు. కేకు తీసి అతని ఒళ్లోనే పెట్టింది.

"బేజారు పడొద్దండి. దేవుణ్ణే అడుగుదాం" అన్నాడు కెన్నెత్తు. "ఒకటో తేదీ వాగ్దానాలు తీస్తాం గదా. సంఘం పేరుమీద ఏ కార్డు వస్తే అదే దేవుని చిత్తం. నేను తలొంచుతా."

"ఆ కార్డుల్లో వద్దు అని ఉండే కార్డు ఒక్కటి చూపించప్పా."

కెన్నెత్తు పకపక నవ్వి లేచాడు. నవ్వడా మరి. కొత్త సంవత్సరం పొద్దున పళ్లెంలో బోర్లించి పెట్టే ఆ కార్డుల మీద అన్నీ దీవెనలే. నిన్ను హెచ్చిస్తాను, నీ కొట్లు నింపుతాను, నీ సరిహద్దులు పెంచుతాను. ఇంటికొకరు లేచి ఒకటి తీసుకుంటారు, ఏడాదంతా దాన్ని తమకు వచ్చిన జాబులా గోడకు అంటించుకుంటారు. గ్రంథంలో ఉన్న తిట్లు ఎవరికి వస్తాయో, వాటిని ఎవరు తీసుకుంటారో ఆ సంఘంలో ఎవరూ అడగరు. ఏ కార్డు తీసినా దేవుడు సరే అనే అంటాడు. అలాంటి దేవుణ్ణి పెట్టుకుంటే లీజు రాక ఎక్కడికి పోతుంది?

ఈ కార్డుల మీద ఆమె అసహ్యం ఊరికే పుట్టింది కాదు. పెళ్లయి ఎన్నేళ్లయినా బిడ్డలు లేక, కనబడినవాళ్లందరి జాలి మాటలు పడుతున్న రోజుల్లో, ఒక కొత్త సంవత్సరం పొద్దున ఆమె చేతికి ఆ వాక్యమే వచ్చింది. కొడుకును కంటుంది, ఇమ్మానుయేలని పేరు పెడుతుంది. నెహెమ్యా నవ్వాడు. ఆమె నవ్వలేదు, నమ్మింది. ఆ ఏడే కడుపు పండింది. కొడుకుకు ఆ పేరే పెట్టింది. వాడు గడప పట్టుకుని నిలబడి, నిప్పుకూ పువ్వుకూ తేడా తెలియకుండా రెంటికీ చేయి చాపే ఈడులో, జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాతే ఆమె ఆ అధ్యాయం తీసి కింద ఏముందో చదివింది. మంచీ చెడూ తెలిసే ఈడు రాకముందే అన్న మాట దగ్గర ఆగిపోయింది. కార్డు మీద ఆ ముక్క లేదు. కత్తిరించినవాడు తీపి ఉన్నంతవరకే కత్తిరించాడు. అప్పటినుంచి కార్డులు రాసే పని పాస్టరు భార్యగా, ఆయన పోయాక కూడా, తానే చేసింది గాని, ఆ వాక్యం మాత్రం ఏనాడూ రాయలేదు.

ఈ ఏడు ఆమెను రాయమనలేదు. బళ్లారిలో రంగుల్లో అచ్చేయించారు. ముందు వాక్యం, వెనక కెన్నెత్తు ఫొటో, ఆయన వెనక ఆయన లారీ.

ఒకటో తేదీ పొద్దున చర్చి నిండిపోయింది. సంఘం పేరుమీద మొదటి కార్డు అందరికన్నా పెద్ద వయసు ఆడమనిషి తీయాలి. ఆ వంతు ఎలిజబెత్తమ్మది, కెన్నెత్తు కన్నతల్లి. ఆమెకు చదువు రాదు. అందుకని ఆమె తీసిన కార్డు పక్కన కూర్చునే యూనీసమ్మ చదవడం మామూలు. బతుకులో తీసిన ప్రతి కార్డునూ ఆ ముసలామె ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకుంది. ఎవరు ఇంటికి పోయినా డబ్బా ముందుపెట్టి, చదివి చెప్పమనేది. యూనీసమ్మకు ఆ డబ్బా చూస్తే చిరాకు. ఇన్ని మాటలు పోగేసుకుంది, ఒక్కదాని అర్థమైనా తెలుసా ఈమెకు అనుకునేది.

ఎలిజబెత్తమ్మ పళ్లెంలోంచి ఒకటి తీసి, చూడకుండానే యూనీసమ్మకు ఇచ్చింది.

యూనీసమ్మ చూసింది. ఇన్నేళ్లు తాను రాయకుండా దాచిన మాటే, రంగుల్లో, బంగారు అంచుతో.

"చదవండి అమ్మగారూ" అన్నాడు కృపానిధి.

చదివింది. కన్య గర్భవతి అవుతుందనగానే వెనక కుర్రకారు కిసుక్కుమన్నారు. ముసలామె తీసిన కార్డు మరి. ముందు బెంచీల్లో లారీల ఓనర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందులో లీజు ఎక్కడుంది? కెన్నెత్తు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, రెండు చేతులూ పైకెత్తాడు.

"స్తోత్రం! ఎంత తేటగా మాట్లాడినాడు దేవుడు! కన్య ఎట్లా కన్నది ప్రియులారా? మనిషి ప్రయత్నం లేకుండా! మనం దున్నకుండా, విత్తకుండా, చెమట కార్చకుండా ఈ సంఘానికి ఒక ఫలం రాబోతా ఉంది! ఆ కొడుకు ఏంది? స్టాక్ యార్డు!"

"ఆమెన్" అన్నారు లారీల ఓనర్లు. వాళ్లను చూసి వెనకవాళ్లూ అన్నారు.

యూనీసమ్మ ఇంతకాలం ఎన్నో ప్రసంగాలు విన్నది. కన్య గర్భాన్ని లీజు రాబడిగా చేసిన ప్రసంగం ఇదే మొదలు. ఇంతకు దిగజారడానికి కూడా ఒక చదువు కావాలి, ఆ గౌను అందుకే ఇచ్చారేమో అనిపించింది. ఆహాజును నోటినిండా పెట్టుకుని లేవబోయింది. ఈలోపే ఎలిజబెత్తమ్మ ఆమె కొంగు పట్టి లాగింది.

"యూనీసమ్మా, ఇంగోసారి చదువు."

చదివింది.

"ఇమ్మానుయేలా? నీ కొడుకు పేరు గదా అది!" ముసలామె బెంచీ పట్టుకుని లేచి నిలబడింది. "ఇది మన పిల్లోల్ల మాట. మిట్టలో ఉండే పిల్లోల్ల కోసరం వచ్చిండే మాట. నా జోయెలు కూడా ఆడే ఉండాడు. దేవుడు కొడుకును ఇస్తా అన్నాడు గానీ, పెట్టిన కొడుకును తవ్వి తీమన్నాడా?"

"అమ్మా, సుమ్నే కూచో, మాట్లాడొద్దు" అన్నాడు కెన్నెత్తు పళ్ల బిగువున.

"నేను కూచోనప్పా. నువ్వు కూచో."

చర్చిలో గుసగుస మొదలైంది. కృపానిధి మైకు దగ్గరికి వంగాడు. మనిషి పనికిమాలినవాడే గాని తెలివి లేనివాడు కాడు. మెత్తగా నవ్వాడు.

"అవ్వ ప్రేమ మంచిదే. అట్లని వాక్యాన్ని ఇష్టమొచ్చినట్టు చెప్పుకోవచ్చునా? నెహెమ్యా అయ్యగారి భార్య ఈడే ఉన్నారు. వాక్యాన్ని పేజీలోంచి పీకొద్దని మొన్న నాకే బుద్ధి చెప్పినారు. అమ్మగారూ, దేవుని సన్నిధిలో చెప్పండి. యెషయా ఈ మాట చెప్పింది ఆ మిట్టలో ఉండే బిడ్డల గురించేనా?"

ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకున్నాడు. యూనీసమ్మ అబద్ధం ఆడదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కాదు అంటుంది, ఆహాజు అంటుంది, ముసలామె కూర్చుంటుంది. ఆ తర్వాత ఆహాజు సంగతి ఎవడికి కావాలి, ఆమెన్ ఇదివరకే అనేశారు. రేపు మిట్ట మీదికి జేసీబీ వస్తుంది.

ఆమె లేచింది. నిజం నాలుక చివర ఉంది. దాని కోసమే ఇన్నేళ్లు ఈ జనాన్నంతా చిన్నచూపు చూసింది, ఈ ముసలామెనూ డబ్బానూ కలిపి చూసింది. ఎలిజబెత్తమ్మ బోసినోటితో ఆమె వైపే చూస్తోంది. చదువుకున్న మనిషి, తన మాట నిజమేనని చెబుతుందని రవ్వంత అనుమానం లేకుండా చూస్తోంది. కిటికీ అవతల వేపచెట్టు ఎర్రగా దుమ్ముపట్టి ఉంది.

"నా కొడుకు గురించేనప్పా" అంది యూనీసమ్మ.

"అమ్మగారూ?"

"ఆ మాట నా ఇమ్మానుయేలు గురించి. జోయెలు గురించి. ఆ మిట్టలో ఉండే బిడ్డలందరి గురించి. ఇంకెవరి గురించీ కాదు."

"అది కన్య మరియమ్మ గురించి గదా!" కృపానిధి గొంతు కీచుమంది.

"పండగ ముందు ఆదివారం మరియమ్మ గురించి అంటిరి. ఇంతకుముందే స్టాక్ యార్డు గురించి అంటిరి. దానికి మీకు ఎవరి అనుమతి వచ్చిందో, నాకూ వాళ్లదే వచ్చింది."

ఆడవాళ్ల వైపునుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. ఆ మనిషి రాయి మిట్టలో తూర్పు వైపు ఉంది. ఇంకొకామె అంది. తర్వాత ఎవరు అన్నారో తెలియలేదు, ఆ వైపంతా అంది. ఆ సంఘంలో మిట్టలో రాయి లేని పాత కుటుంబం లేదు. కెన్నెత్తు లేచి ఏదో అనబోయి, నిలబడే ఉన్న తల్లిని చూసి, మెడ తడుముకుని కూర్చున్నాడు. ఆ తల్లి ముందు మళ్లీ లీజు మాట ఎత్తే మొహం అతనికి లేకపోయింది. కృపానిధి మాత్రం మొహం చిట్లించకుండా, దేవుడు మార్మికంగా మాట్లాడాడని చెప్పి, తర్వాతి పాట నంబరు పలికాడు. ఎటు తిరిగినా స్తోత్రమనే మనిషికి నష్టం ఎప్పుడూ రాదు.

స్టాక్ యార్డు రోడ్డవతల ఎవరి చేలోనో వెలిసింది. దుమ్ము మిట్టమీదికి మామూలుగానే వచ్చి పడుతోంది. మిట్ట ఉంది.

ఆరోజు చర్చి బయట ఎలిజబెత్తమ్మ ఆ కార్డును డబ్బాకు తీసుకుపోలేదు. యూనీసమ్మ చేతిలో పెట్టి మూసింది. "ఇది నీదమ్మా. నీ దగ్గరే పెట్టుకో" అంది. ఆ మాటకు యూనీసమ్మకు ఏడుపు వచ్చింది. ముసలామె చేయి చాలాసేపు వదల్లేదు.

ఇంటికి వచ్చి నెహెమ్యా చదివిన గ్రంథం తీసింది. కార్డు పెట్టడానికి యెషయా దగ్గర తెరిచింది. అక్కడ ఆహాజు ఉన్నాడు, వణుకుతూ, గుర్తు అడగనంటూ. అందరి ముందూ ఆయన్ను బయటికి నెట్టి వచ్చింది తనే. ఆ పేజీలో ఆ కార్డు పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. చాలా పేజీలు తిప్పి మత్తయి మొదటి అధ్యాయం దగ్గర ఆగింది. అక్కడ యోసేపు, కడుపుతో ఉన్న మరియను గుట్టుగా వదిలేద్దామని ఆలోచిస్తున్నాడు. ఊళ్లో నోళ్లు ఎలా ఉంటాయో ఆమెకు తెలియనిది కాదు. సరిగ్గా అక్కడే, ఆ పిల్ల మీద మాట పడకుండా అడ్డంగా తెచ్చి నిలబెట్టినట్టు, మత్తయి ఆ పాత మాట పెట్టాడు. ఇన్నేళ్లు చదివి కూడా అది ఆ చోట ఎందుకుందో ఆమె చూడలేదు.

కెన్నెత్తు ఫొటో కిందికి వచ్చేలా కార్డును ఆ పేజీలో పెట్టింది. వేలు ఆ అక్షరాల మీద ఆనించి, ఎదురుగా ఉన్న మనిషిని అడిగినట్టు మత్తయిని అడిగింది.

"నువ్వు కూడా బిడ్డను కాపాడుకోడానికేనా అప్పా, ఈ మాట చెప్పింది?"